బాకా ఊదేవాళ్లకు ఊపిరి సంగతి

బ్యాండులో చేరతామని వచ్చే పిల్లలు ముందు అడిగేది డ్రస్సు గురించి. ఎర్ర కోటు, బంగారు జరీ, టోపీ మీద కుచ్చు. ఆ తర్వాత అడిగేది పాటల గురించి. ఊపిరి గురించి ఇంతవరకు ఒక్కడూ అడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పడం నాకు అలవాటు లేదు. కానీ ఇది చెప్పకపోతే మిగతాదంతా చెప్పి లాభం లేదు.

నేను నాంపల్లిలో ఒకే ఒక బ్యాండు దుకాణంలో బతుకంతా పని చేశాను. ఒళ్లో పిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకునే పెద్ద బాకా నాది. చివరి సంవత్సరాల్లో మాస్టర్‌ని కూడా నేనే. పైపళ్లు ఊడిపోయాయి కాబట్టి మానేశాను. పన్ను లేకపోతే పెదవికి ఆసరా ఉండదు. ఆసరా లేని పెదవిలోంచి గాలి పోతుంది తప్ప స్వరం రాదు. సన్మానం లేదు, శాలువా లేదు. బాకా తుడిచి గూట్లో పెట్టి, టీ తాగి, ఇంటికి వచ్చాను.

ఇక్కడ రాసేది మా బామ్మర్ది సత్తయ్య సంగతి. మా బ్యాండులో మొదటి ట్రంపెట్ వాడిది. కరోనా వచ్చి పోయింది గానీ వాడి దగ్గు పోలేదు. ట్రంపెట్ మనిషికి ఊపిరి తగ్గితే ఏమవుతుందో, ఎంత తిరిగి వస్తుందో పక్కన నిలబడి చూశాను. నేను డాక్టర్ని కాను. చూసింది చెబుతాను, అంతే.

*స్టేషన్ వెనక గది*

నాకు పని నేర్పినవాడు జమీల్ ఉస్తాద్. నాంపల్లి స్టేషన్ వెనక, పట్టాల గోడకు ఆనుకొని ఒక రేకుల గది ఉండేది. మా సాధన అందులోనే. ఇప్పుడు ఆ గది లేదు, ఆ గోడా లేదు. అప్పట్లో బొగ్గు ఇంజన్లు వచ్చేవి. ఇంజను కూత వేయగానే ఉస్తాద్ బెత్తం ఎత్తేవాడు. కూత ఆగేదాకా మా స్వరం ఆగకూడదు. అది డ్రైవరు బుద్ధిని బట్టి ఉంటుంది. ఒకరోజు పట్టాల మీదికి గేదె వచ్చిందో ఏమో, ఆ కూత ఎంతకీ ఆగలేదు. నా కళ్ల ముందు నల్లచుక్కలు లేచాయి.

"ఇడ్వకు! సురం ఇడ్సినోడు బాకా ఇడ్సినట్టే!" అని ఉస్తాద్ అరుస్తున్నాడు.

నేను బాకాతో సహా కింద పడ్డాను. లేచేసరికి మొహం నిండా నీళ్లు. ఆ సాయంత్రం నన్ను మొజంజాహీ మార్కెట్‌కు తీసుకెళ్లి సీతాఫలం ఐస్‌క్రీమ్ తినిపించాడు. "పడ్డవ్‌రా మల్లేశ్, గనీ ఇడ్వలే. షాబాష్" అన్నాడు. తన కప్పులోది సగం చెంచాతో తీసి నా కప్పులో వేశాడు. మా నాన్న మొహం నాకు గుర్తులేదు. ఎవరైనా నాన్న అన్న మాట అంటే నాకు ఆ చెంచా గుర్తుకొస్తుంది.

అయినా నిజం చెప్పాలి. ఉస్తాద్ గొప్పవాడే గానీ ఒక సంగతి తప్పు నేర్పాడు. ఊపిరి వదలడమే నేర్పాడు. తీసుకోవడం గురించి ఒక్క మాట చెప్పలేదు. అది దొంగతనంగా, ఎవరి కంటా పడకుండా చేసుకోవలసిన పని అన్నట్టు ఉండేవాడు. మధ్యలో ఊపిరి కోసం ఆగినవాణ్ణి "ఏం తాతా" అని పిలిచేవాడు. పదహారేళ్ల వయసులో తాత అనిపించుకోవడం కంటే కింద పడడమే నయం అనిపించేది మాకు.

*రెండు గుర్రాలు*

ఉస్తాద్‌కు అక్షరం రాదు. నాకూ అప్పటికి రాదు. హాలు పేరు దుకాణంలో ఎవరో చదివి చెబితే గుర్తు పెట్టుకొని పోయేవాళ్లం. ఒకసారి అబిడ్స్ సందులో ఎదురెదురుగా రెండు ఫంక్షన్ హాళ్లు, రెండింటి ముందూ గుర్రం, గుర్రం మీద పెళ్లికొడుకు. ఉస్తాద్ మొదటి గుర్రం ముందు మమ్మల్ని నిలబెట్టి మొదలుపెట్టించాడు. ఆ పెళ్లివాళ్లు ఎవరో చుట్టం పంపించిన బ్యాండు అనుకొని సంబరపడిపోయారు. మేము మంచి ఊపు మీద ఉండగా ఒకాయన పరిగెత్తుకొచ్చాడు.

"ఎవల పెండ్లిల ఊదుతున్నరయ్యా మీరు? మా పిల్లగాడు గాడ గుర్రం మీద ఎండిపోతుండు!"

పాట మధ్యలో ఆపడం ఉస్తాద్ లెక్కలో పాపం. ఆపలేదు. ఊదుతున్నవాళ్లను ఊదుతున్నట్టే వెనక్కి తిప్పి, రెండో గుర్రం ముందుకు నడిపించాడు. మొదటి పెళ్లివాళ్లు కూడా గంతులు వేసుకుంటూ మా వెంటే వచ్చేశారు. వాళ్ల పెళ్లికొడుకు ఒంటరిగా గుర్రం మీద మిగిలిపోయాడు.

ఈ సంగతి ఇంట్లో చెబితే నా భార్య లక్ష్మి కడుపు పట్టుకొని నవ్వింది. ఆ ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గరికి నన్ను లాక్కుపోయి ఒకటో తరగతి వాచకం కొన్నది. అప్పటికి నాకు నలభై దాటాయి. అద్దాలు పెట్టుకొని అ, ఆ దిద్దాను. ఆమె తమ్ముడు సత్తయ్య వచ్చి కూర్చొని, "బావా, బలపం మింగకు" అనేవాడు. వాడు ఐదు దాకా చదివాడు, ఆ పొగరు. వాణ్ణి బ్యాండులో పెట్టింది నేనే. కానీ ట్రంపెట్ వాడి చేతికి వచ్చిన రోజే నాకు అర్థమైంది, వీడు నాకంటే చాలా దూరం పోతాడని.

*సలామీ*

మా బ్యాండుకు ఒక పద్ధతి ఉంది. బరాత్ ఊరేగింపు హాలు చేరి పెళ్లికొడుకు గుర్రం దిగేటప్పుడు డ్రమ్ములన్నీ ఆగిపోతాయి. ఒక్క ట్రంపెట్ మాత్రం ఒకే స్వరం పట్టుకొని నిలబడుతుంది. పెళ్లికొడుకు పాదం గడప తాకేదాకా అది తెగకూడదు. తాకగానే మేమంతా అందుకుంటాం. దీన్ని సలామీ అంటాం. పెళ్లివాళ్లు మిగతా పాటలన్నీ మర్చిపోతారు, ఇది మర్చిపోరు. సత్తయ్య సలామీ ఊదుతుంటే గుర్రం కూడా చెవులు నిక్కబొడుచుకునేది. మా దుకాణానికి బేరాలు వచ్చిందే వాడి సలామీతో.

ఇంకో పద్ధతి కూడా చెప్పాలి. ఇది బయటివాళ్లకు తెలియదు. ఊదేవాడికి దగ్గు వస్తే ఏం చేయాలి? టోపీ అంచు ముట్టుకోవాలి. అది చూసి డ్రమ్ము మనిషి దడదడమని ఒక ఉరుము ఉరిమిస్తాడు. ఆ చప్పుడు కింద దగ్గేయాలి. పెళ్లివాళ్లు అది కూడా పాటలో ముక్కే అనుకుంటారు. ఈ ఉపాయం ఉస్తాద్ కాలం నుంచి ఉంది. మాకందరికీ అది గొప్ప స్నేహధర్మం. ఒకడి దగ్గును ఇంకొకడు దాచడం.

కరోనా రెండో విడతలో సత్తయ్య దవాఖానలో ఆక్సిజన్ మీద ఉండి వచ్చాడు. బతికి వచ్చాడని లక్ష్మి దిష్టి తీసింది. పెళ్లిళ్లు చాలాకాలం ఆగి, మళ్లీ ఒక్కసారిగా మొదలయ్యాయి. ఖాళీ కడుపులతో ఉన్నవాళ్లం, అందరం పరిగెత్తాం. వాడూ వచ్చాడు. ఊదాడు. బాగానే ఊదుతున్నాడు అనుకున్నాను.

కానీ పాటల్లో ఉరుములు ఎక్కువయ్యాయి. మెల్లగా సాగే పాటలో కూడా దడదడలే. ఒకరోజు డ్రమ్ము చంద్రయ్యను అడిగాను. "ఏందిరా, పెండ్లికొచ్చినమా, యుద్ధానికొచ్చినమా?"

చంద్రయ్య నేలచూపులు చూశాడు. "ఊపు కోసం మాస్టర్" అన్నాడు.

ఆ వారమే మొజంజాహీ మార్కెట్ పక్క నుంచి బరాత్ పోతుంటే వరుసలో సత్తయ్య కనిపించలేదు. వెనక్కి పోయి చూస్తే పండ్ల దుకాణం షట్టరు పట్టుకొని వంగి నిలబడ్డాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. వాణ్ణి ఎవరూ చూడకుండా చంద్రయ్య డ్రమ్ము అడ్డం పెట్టుకొని నిలబడ్డాడు.

"ఎన్ని దినాల సంది?" అన్నాను.

సత్తయ్య మాట్లాడలేక చెయ్యి ఊపాడు.

"దవాఖాన నుంచి ఒచ్చిన కాడి సంది మాస్టర్," అన్నాడు చంద్రయ్య. "మీకు జెప్పొద్దని ఒట్టేయించుకుండు. మెట్లెక్కినా గిట్లనే అయితుందంట. నేనేం జెయ్యాలె, దోస్తు గదా. డ్రమ్ము కొట్టిన."

చంద్రయ్యను నేను తిట్టలేదు. వాడి స్థానంలో ఉంటే నేనూ కొట్టేవాణ్ణే. మా పని మాకు నేర్పిన మర్యాద అది. సత్తయ్య జబ్బు ముదిరింది ఆ మర్యాదలోనే.

*మెట్ల మీది డాక్టరు*

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో ఒక ఛాతీ డాక్టరు ఉన్నాడు. మొదటి అంతస్తు. లక్ష్మి తమ్ముడి చొక్కా పట్టుకొని తీసుకుపోతే వెనక నేను. మధ్య మెట్టు మీద వాడు కూర్చుండిపోయాడు.

"ఊపిరాడనోళ్ల డాక్టరు మెట్ల మీదుంటడా అక్కా? కాళ్లిరిగినోళ్ల డాక్టరు ఏడుంటడు, మిద్దె మీదనా?"

"నోరు బందువెట్టి గాలి పీల్చుకో" అన్నది లక్ష్మి.

డాక్టరు ఛాతీ స్కాను తెరమీద పెట్టి చూపించాడు. జ్వరం తెచ్చిన క్రిమి ఎప్పుడో పోయింది, అది చేసిన మచ్చలు ఊపిరితిత్తుల్లో మిగిలాయి అన్నాడు. ఇల్లు కాలాక మంట ఆరినా గోడలు మసిబారి ఉన్నట్టు అనుకోండి. మందులు రాశాడు. మెల్లమెల్లగా తగ్గిస్తూ పోవాలి, బాగుందని సొంతంగా ఆపకూడదు. చాలావరకు మానుతుంది, కొంత మానకపోవచ్చు. తాను చెప్పేదాకా ట్రంపెట్ వద్దన్నాడు. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లెలో రక్తం పడినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా, వేలికి పెట్టే మీటరులో అంకె దిగినా వెంటనే రావాలి. సత్తయ్య ఇవేవీ వినలేదు. ట్రంపెట్ వద్దన్న మాట దగ్గరే వాడి చెవులు మూసుకుపోయాయి.

పక్క గదిలో శైలజ మేడమ్ ఉండేది. ఊపిరికి వ్యాయామం నేర్పే పని ఆమెది. వాళ్ల తాత కాలంలో గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. ఆమె వాడికి ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చింది. అందులో మూడు గదులు, మూడు గుండ్లు, ఒక గొట్టం. గొట్టం నోట్లో పెట్టుకొని గుండ్లను లేపాలి. ఎట్లా లేపాలో ఆమె చెప్పే ఉంటుంది. మావాడు బాకా వైపు చూసే కళ్లతో ఆ గొట్టాన్ని చూశాడు, ఇంకేమీ వినలేదు.

ఆ నెలంతా ఇంట్లో ఒకటే గొప్పలు. "బావా, మూడు గుండ్లు ఒక్క దెబ్బకు లేస్తున్నయ్. మొదటి ట్రంపెట్ అంటే ఏమనుకున్నవ్?" గుండ్లు లేస్తున్నాయి నిజమే, నేనూ చూశాను. కానీ నీళ్ల బకెట్ ఎత్తితే మాత్రం గోడ పట్టుకుంటున్నాడు. ఈ రెండూ ఎట్లా కుదురుతాయో నాకు అర్థం కాలేదు.

మళ్లీ పోయాం. "రోజూ చేస్తున్నారా బాబాయ్ గారూ?" అని అడిగింది శైలజ మేడమ్.

"చేస్తున్న మేడమ్. మూడు లేస్తయ్. లేపుడు కాదు, దించుడే కష్టం."

"మూడూనా!" ఆమె కళ్లు పెద్దవి చేసింది. "ఏదీ, ఒక్కసారి చెయ్యండి."

సత్తయ్య నిటారుగా కూర్చున్నాడు. డబ్బాను తలకిందులు చేశాడు. గొట్టం పెదవులకు పెట్టుకొని, సలామీ ఊదినట్టు ఊదాడు. మూడు గుండ్లూ టకటకమని లేచాయి.

శైలజ మేడమ్ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగక గోడవైపు తిరిగింది. "క్షమించండి బాబాయ్ గారూ. ఇది తిరగేసి ఊదేది కాదండీ. నిలబెట్టి పీల్చేది."

"పీల్చుడా? పీల్చెటోళ్లు బీడీలోళ్లు మేడమ్. నేను ఊదెటోన్ని."

"ఊదడం మీకు బాగా వచ్చండీ. అది నేను నేర్పక్కర్లేదు. లోపలికి వెళ్లడమే తగ్గింది. లోపల లేనిది బయటికి ఏం వదులుతారు?"

డబ్బాను నిలబెట్టి వాడి చేతికి ఇచ్చింది. వాడు పీల్చాడు. మొదటి గుండు కొంచెం కదిలి మళ్లీ పడుకుంది. ఇంకోసారి పీల్చాడు. అంతే. దగ్గు వచ్చింది.

"గిది ఖరాబైంది మేడమ్" అన్నాడు.

ఆమె కొత్త డబ్బా తెరిచి ఇచ్చింది. అందులోనూ గుండు లేవలేదు. వాడు ఆ గుండు వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. సగం నాంపల్లి పెళ్లికొడుకులను గడప దాటించిన మనిషి, ఆ రంగు గుండు ముందు తల వంచుకొని కూర్చున్నాడు. లక్ష్మి వాడి వీపు మీద చెయ్యి వేసింది. ఈసారి తిట్టలేదు.

ఆ గదిలో నాకు ఉస్తాద్ గుర్తొచ్చాడు. ఆయనా చివర్లో దగ్గీ దగ్గీ పోయాడు. మేము డ్రమ్ములు కొట్టాం.

*మూఢంలో*

మూఢం వస్తే పెళ్లిళ్లు ఉండవు. బాకాలకు మెరుగు పెట్టుకోవడం, కోట్లు కుట్టించుకోవడం అప్పుడే. మా సేఠ్ శ్రీకాంత్ నన్ను పక్కకు పిలిచాడు. నేను వాళ్ల నాయన కాలం నుంచి పని చేస్తున్నవాణ్ణి కాబట్టి నా కళ్లలోకి చూడలేదు.

"మల్లన్నా, మూఢం పోయేదాక సూస్త. గప్పటికి సలామీ ఊదితే సరే. లేకుంటే మొదటి ట్రంపెట్ రాజుకిస్త. నాకు దుష్మనీ లేదు. దుకాణం నడవాలె గద."

అన్యాయం అనలేను. మా రెండో ట్రంపెట్ రాజు మంచి పనివాడు, వయసులో ఉన్నవాడు. సత్తయ్యకు చెప్పాను. వాడు ఆ రోజు అన్నం తినలేదు. మరునాడు పొద్దున్నే డబ్బా నిలబెట్టి కూర్చున్నాడు.

ఏం చేశాడో చెబుతాను, కొత్తవాళ్లు వినండి. ఇందులో మంత్రం ఏమీ లేదు. బీడీ మానేశాడు. గుండు కోసం మెల్లగా, ఆగి ఆగి పీల్చాడు. తల తిరిగేదాకా పోకుండా ముందే ఆపాడు. పబ్లిక్ గార్డెన్‌లో నడిచాడు. మొదట ఒక బెంచీ నుంచి పక్క బెంచీ దాకా, తర్వాత దాని పక్క బెంచీ దాకా. ఆయాసం వచ్చాక కాదు, వచ్చేముందే కూర్చోవాలని మేడమ్ చెప్పింది. వాడికి అదే అన్నిటికంటే కష్టమైంది. కూర్చోవడం అంటే ఓడిపోవడం అని కదా మేము నేర్చుకున్నది. ఆయాసం వస్తే ముందుకు వంగి మోచేతులు మోకాళ్ల మీద పెట్టుకొని, ఈల వేసేటట్టు పెదవులు చేసి, ఈల వేయకుండా మెల్లగా వదలాలి. బెంచీల మీద ముసలాళ్లు వాణ్ణి చూసి, "ఏం మామా, ఈల ఒస్తలేదా?" అనేవారు. "ఒస్తది, మీ పెండ్లికి ఏస్త" అనేవాడు.

చుట్టుపక్కలవాళ్ల వైద్యాలు కూడా నడిచాయి. ఒకామె కర్పూరం ఆవిరి పట్టమంది. పట్టి మూతి కాల్చుకున్నాడు. ఇంకొకాయన, "ట్రంపెటోనివి గద, గట్టిగ ఊదు, కఫమంత ఒచ్చేస్తది" అన్నాడు. ఈ చివరి మాటే ప్రమాదం. బ్యాండువాడు నమ్మాలనుకునే మాట అదే. ఊదితే బాగవుతుంది అన్న మాట. నేను వాడి ట్రంపెట్ తీసుకుపోయి దుకాణంలో తాళం వేశాను. పెదవులకు ఆనించే మౌత్‌పీసు మాత్రం ఇవ్వనన్నాడు. జేబులో పెట్టుకొని తిరిగేవాడు.

మూఢం చివరికి రెండు గుండ్లు లేచాయి. మూడోది లేవలేదు. డాక్టరు స్కాను చూసి మచ్చలు తగ్గాయన్నాడు. మెల్లని స్వరాలు, కొద్దిసేపు, అలసట రాకముందే ఆపేటట్టయితే ఊదుకోవచ్చన్నాడు. సలామీకి ఇంకా టైముందన్నాడు. మూఢం పోయింది. మొదటి ట్రంపెట్ రాజుకు పోయింది.

*డమ్మీ*

పెళ్లివాళ్లు తలలు లెక్కపెడతారు. ఇంతమంది బ్యాండు అని మాట్లాడుకుంటే అంతమంది ఎర్రకోట్లు కనబడాలి. అంతమంది ఊదేవాళ్లు దొరకరు. అందుకని కూరగాయల బండివాడికో ఆటోవాడికో కోటు తొడిగి, చేతికి పాడైన బాకా ఇచ్చి మధ్యలో నిలబెడతాం. వాడు బుగ్గలు ఉబ్బించి నడుస్తాడు. వాడే డమ్మీ. ప్రతి బ్యాండులోనూ ఉంటాడు. ఒప్పుకునే బ్యాండు మాత్రం ఉండదు. సత్తయ్య ఏనాడూ డమ్మీలతో మాట్లాడలేదు. వాళ్లు తాగిన గ్లాసులో టీ తాగేవాడు కాదు.

సేఠ్ వాణ్ణి డమ్మీగా రమ్మన్నాడు. ఆ మాట మోసుకుపోయింది నేను.

"డమ్మీగాన్నా నేను? బావా, నీ నోట్లకెల్లి గా మాట ఎట్లొచ్చింది?"

"నీ ఊపిరి సగమైంది. నువ్వైతే సగం కాలేదు. వరుసల నడువు, మేడం ఎట్లాగూ నడ్వమంటుంది. లేదా ఇంట్ల కూసొని గా డబ్బాతోని పెండ్లాం లెక్క మాట్లాడుకో."

వారం రోజులు నా మొహం చూడలేదు. ఆ తర్వాత ఒక సాయంత్రం దుకాణానికి వచ్చి కోటు తొడుక్కున్నాడు. డమ్మీలకు మేము మీటలు పట్టేసిన బాకాలు ఇస్తాం. వాడి చేతికి చచ్చిన బాకా ఇవ్వడం నాకు చేతకాలేదు. పలికే ట్రంపెట్టే ఇచ్చాను. జేబులోంచి మౌత్‌పీసు తీసి బిగించుకున్నాడు.

ఆ సీజనంతా వాడు ఊదకుండా నడిచాడు. పాట నడకకు ఊపిరి కలుపుకొని, తీసుకుంటూ వదులుతూ. మొదట్లో చంద్రయ్య వాడి వైపు చూడలేకపోయాడు. ఒక డమ్మీ, కూరగాయల యాదగిరి, వాడితో అన్నాడు: "అన్నా, నీ బుగ్గలు ఉబ్బుతలేవు. పెండ్లోళ్లకు డౌటొస్తది." సత్తయ్య నవ్వాడు. చాలాకాలానికి నవ్వాడు. ఆ రోజు ఇద్దరూ ఒకే గ్లాసు టీ సగం సగం తాగారు.

*గడప దగ్గర*

సీజను చివర్లో నాంపల్లి నుంచే ఒక బరాత్. పెళ్లికొడుకు తండ్రి బేరం చేసేటప్పుడే చెప్పాడు. "నా పెండ్లికి మీ బ్యాండే. గా సలామీ నా కొడుక్కు గూడ కావాలె." ఆయన పెళ్లికి ఊదింది సత్తయ్య. ఆయనకు ఆ సంగతి తెలియదు. సత్తయ్యకు గుర్తుంది. ఆ మాట విన్నప్పటి నుంచి రాజుకు గుబులు. వరుసలో నడుస్తూ ఊరికే పెదవులు నాక్కుంటున్నాడు.

హాలు చేరాం. గుర్రం ఆగింది. డ్రమ్ములు ఆగాయి. రాజు ఎత్తుకున్నాడు. మరీ పైకి, మరీ గట్టిగా ఎత్తుకున్నాడు. గాలి నిండా తీసుకోకుండానే మొదలుపెట్టాడని పక్కనున్న నాకు తెలిసిపోయింది. పెళ్లికొడుకు దిగుతుంటే షేర్వానీ అంచు జీనుకు చిక్కింది. ఎవరో విడదీస్తున్నారు. రాజు మెడ నరాలు ఉబ్బాయి. స్వరం వణికింది. సలామీలో డ్రమ్ము ఉండదు. దాచడానికి ఏమీ ఉండదు. నా పెద్ద బాకాతో ఆ స్వరం అందదు. పెళ్లికొడుకు తండ్రి తల తిప్పి చూశాడు.

స్వరం తెగింది అనుకున్నాను. తెగలేదు. రాజు ఆగినచోటే అదే స్వరం, సన్నగా, మెత్తగా, పక్కనుంచి నడిచింది. డమ్మీల వరుసలోంచి. సత్తయ్య కళ్లు మూసుకొని ఉన్నాడు. పాతరోజుల గర్జన కాదది. దీపం ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టినట్టు ఉంది. రాజు ఊపిరి నింపుకొని మళ్లీ అందుకోగానే వాడు వదిలేశాడు. పెళ్లికొడుకు పాదం గడప తాకింది. మేమంతా అందుకున్నాం.

ఆ పాట అయిపోయాక, జనం లోపలికి పోతుండగా, వాడికి దగ్గు వచ్చింది. పెద్ద దగ్గు. చంద్రయ్య పుల్లలు అలవాటుగా పైకి లేచాయి. సత్తయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒద్దురా. దగ్గనియ్యి."

హాలు మెట్ల మీద, జరీ కోటుతో, అందరి ముందు కూర్చున్నాడు. మోచేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. పెదవులు ఈలకు చేసినట్టు చేసి మెల్లగా వదిలాడు. లోపలికి పోతున్న పెళ్లివాళ్లు చూస్తూ పోయారు. చూడనిచ్చాడు. యాదగిరి టోపీతో విసిరాడు. నేను పక్కన కూర్చొని, "ఎట్లూదినవ్‌రా?" అన్నాను.

ఊపిరి నింపుకొని అన్నాడు. "ఊదలే బావా. గాడు పెదువులు నాకుతుంటెనే అర్థమైంది. గప్పటి సంది మెల్లగ పీల్చుకుంట నిలవడ్డ. ఇగ ఊదుడు ఎంత, దానంతటదే అయ్యింది."

అక్కడే ఉన్న సేఠ్ అంతా చూశాడు. ఆయన మాటల మనిషి కాదు. తర్వాతి పెళ్లికి వరుస నిలబెట్టేటప్పుడు సత్తయ్యను డమ్మీల్లోంచి తీసి రాజు పక్కన పెట్టాడు. అప్పటి నుంచి మా బ్యాండు సలామీ ఇద్దరిది. ఒకడు ఆగేచోట ఇంకొకడు అందుకుంటాడు. వినేవాళ్లకు ఒక్కడే అనిపిస్తుంది. పాతరోజుల్లోలాగా ఒంటరిగా ఊదడం సత్తయ్యకు మళ్లీ రాలేదు. మూడో గుండు ఇప్పటికీ ఒకరోజు లేస్తుంది, ఒకరోజు లేవదు. లేవనిరోజు వాడు నాలుగు పాటలు తక్కువ ఊదుతాడు. ఎవరికీ సంజాయిషీ చెప్పడు.

నేను మానేసి ఇంట్లో ఉన్నా సాయంత్రాలు దుకాణం ముందు స్టూలు వేసుకొని కూర్చుంటాను. స్టేషన్‌లో ఇప్పటి రైళ్లు హారన్ కొడితే ఉస్తాద్ బెత్తం గుర్తొస్తుంది. ఆయన ఉంటే ఇద్దరు కలిసి ఊదే సలామీని ఒప్పుకోడు. "ఏం తాతల్లారా" అంటాడు. అననీ. మా బ్యాండులో టోపీ అంచు ముట్టుకోవడం ఇప్పుడు లేదు. దగ్గు వచ్చినవాడు దగ్గుతాడు. పక్కవాడు పాట ఎత్తుకుంటాడు.